తడిబట్ట పరీక్ష

మా మామయ్య మీద నాకు చాలా ఫిర్యాదులున్నాయి. వాటిలో పెద్దది, ఆయన దేన్నీ నమ్మడు.

పాలవాడు పాలు పోస్తే గోరు మీద చుక్క వేసుకుని అది జారే తీరు చూస్తాడు. క్యాలెండర్‌లో పౌర్ణమి అని ఉంటే వాకిట్లోకి వచ్చి చంద్రుణ్ణి ఒకసారి పరిశీలించి "సరే" అంటాడు, అనుమతి ఇచ్చినట్టు. కొడుకు కోసం పెళ్ళిచూపులకు వచ్చి, నా మొహం కంటే ముందు నా చీర కొంగు చూశాడు. జేబులోంచి తెల్లగుడ్డ తీసి, తాగమని ఇచ్చిన నీళ్ళలో ముంచి, మా నాన్న కళ్ళముందే కొంగు మీద రుద్దాడు. గుడ్డకు ఏమీ అంటలేదు.

"పక్కా రంగు," అన్నాడు.

ఆ మాట చీర గురించా, నా గురించా అన్నది ఇప్పటికీ తేలలేదు. అడగాలని చాలాసార్లు అనుకున్నాను. చీర గురించే అంటాడేమోనని ఊరుకున్నాను.

అలాంటి మనిషి చేతికి ఇవాళ ఫ్లూ మందు చిక్కింది.

నిన్న పొద్దున అత్తమ్మకు జ్వరం పట్టుకుంది, సాయంత్రం డాక్టర్ తృప్తి ముక్కులో పుల్ల పెట్టి చూసి ఫ్లూ అని తేల్చింది. "ఈమె ఛాతీ ముందే బలహీనం. ఇన్నేళ్ళు బీడీలు చుడుతూ తంబాకు దుమ్ము పీల్చింది. ఈ గోలీలు ఇప్పుడే మొదలుపెట్టండి. రెండు రోజులు దాటినాక వేస్తే ఫాయిదా తక్కువ" అని డాక్టరమ్మ గట్టిగానే చెప్పింది. ఇంటికి రాగానే మామయ్య స్ట్రిప్పు తీసుకుని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "పొద్దున చూద్దాం" అన్నాడు.

చూడటం అంటే ఏమిటో నాకు అప్పుడే తట్టాల్సింది.

పొద్దున్నే నేను టీ పట్టుకుని వచ్చేసరికి ఆయన గడప మీద కూర్చుని ఉన్నాడు. పక్కన గిన్నెలో నీళ్ళు. మోకాలి మీద మా ఇంటి మగ్గం మీదే నేసిన తెల్ల టవల్ ముక్క. ముక్క మీద ఒక గోలీ. దాని చుట్టూ పసుపు మరక.

"మంగళా! ఇటు రా బిడ్డా. చూడు."

"ఏంది మామా?"

"కచ్చా రంగు."

మేముండే నీలం నగర్‌లో అప్పటికే కరెంటు మగ్గాలు మొదలయ్యాయి. ఇక్కడ మామూలు మాట కూడా కేకేసి చెప్పాలి. అందుకని ఆయన తీర్పు సగం గల్లీకి వినబడింది.

"మామా, అది పైతొడుగు. మందు లోపల ఉంటుంది," అన్నాను. నేను కెమిస్ట్రీలో బి.ఎస్సీ. చదివాను. ఆ సంగతి ఈ ఇంట్లో ఎవరికీ గుర్తుండదు, గ్యాస్ సిలిండర్ లీకైనప్పుడు తప్ప.

"పైతొడుగే పక్కా లేకుంటే లోపల్ది ఎట్ల నమ్మాలె?"

"సర్కారు పాస్ చేసిన మందు మామా."

ఆ మాట అనకుండా ఉండాల్సింది.

"పాస్!" అన్నాడు, నోట్లో రాయి పడ్డట్టు. "ఎర్ర నూలు సంగతి మర్చిపోయినవా? ఆ పెట్టె మీద గూడ ముద్రున్నది. పక్కా అని రాసున్నది. మొదటిసారి నేను ముద్ర చూసి తీస్కున్న, గుడ్డ రుద్దలే. ఏమైంది? మొదటి ఉతుకుల తెల్ల నెమలి ఎర్ర నెమలి అయింది. చద్దర్లన్నీ వాపస్. ముద్ర అంటే ఏంది? రబ్బరు."

ఆ చద్దర్లలో రెండు ఇప్పటికీ మా ఇంట్లో ఉన్నాయి. వాటి మీద నెమళ్ళు గాయపడ్డట్టు కనిపిస్తాయి. ఎవరూ కప్పుకోరు, మామయ్య ఎవరినీ పారేయనివ్వడు.

"ఈ గోలీ మీద బయటి దేశాలల్ల పెద్ద పెద్ద డాక్టర్లే కొట్లాడిన్రట. లెక్కలు చూపించుమంటే కంపెనీ ఏండ్లకేండ్లు చూపియ్యలేదట. పేపర్ల చదివిన. అబద్ధమా?"

అబద్ధం కాదు. నేనూ ఎక్కడో చదివాను. మా మామయ్యతో ఉన్న కష్టం ఇదే. ఆయన పూర్తిగా తప్పు మాట్లాడితే వాదించడం సులువు. సగం నిజం పట్టుకుని నిలబడతాడు, ఆ సగం ఊడదీయడం ఎవరి వల్లా కాదు.

మా ఆయన శ్రీనివాస్ అప్పుడే బయటికొచ్చాడు. తండ్రి మొహం చూశాడు, నా మొహం చూశాడు.

"బండ్ల పెట్రోల్ పోయించుకొస్త," అన్నాడు.

మా ఇంట్లో గొడవ మొదలైన ప్రతిసారీ ఆ బండికి దాహం వేస్తుంది. ట్యాంకు ఎప్పుడూ నిండే ఉంటుంది.

ఎదురింటి బాలయ్య మగ్గాల షెడ్డులోంచి తల బయట పెట్టాడు. "ఏంది నర్సన్నా, పొద్దుపొద్దున్నే ఏం పరీక్ష, ఏం తపాసణి?"

"ఈ గోలీ రంగు ఊడ్తున్నది తమ్మీ!"

"అయ్యో! మా సోనాలికి గూడ గవే ఇచ్చిన్రు గదా! నిన్న నీ యెంటనే తీస్కపోయినం గదా! నువ్వు చూసినంక వేద్దామని ఆపిన!"

సోనాలి బాలయ్య కోడలు. నిండు కడుపుతో ఉంది. అత్తమ్మకు వచ్చిన జ్వరమే ఆ పిల్లకూ వచ్చింది. కొడుకు పుణెలో పనిచేస్తాడు, ఇంట్లో చూసుకునేది బాలయ్య ఒక్కడే.

"మరి వెయ్యాల్నా, వద్దా?" అని అరిచాడు బాలయ్య.

మామయ్య టవల్ ముక్క పైకెత్తి చూపించాడు. పసుపు మరక గల్లీ అవతలికి కూడా కనిపించింది.

"వెయ్యకు!"

"బర!" అని మరాఠీలో సరేనంటూ బాలయ్య తల లోపలికి లాక్కున్నాడు. ఇంకో ప్రశ్న లేదు. మా గల్లీలో రంగు నూలు ఎవరు కొన్నా ముందు మామయ్య గుడ్డ మీద రుద్దాల్సిందే. ఆయన కచ్చా అన్న నూలు మగ్గమెక్కిన దాఖలా లేదు.

మా ఇంటి మూర్ఖత్వం మా ఇంట్లోనే ఉంటే ఎలాగో సర్దుకుంటాం. గడప దాటితే ఏం చేయాలి?

లోపల్నుంచి అత్తమ్మ పిలిచింది.

అత్తమ్మ పేరు అంజమ్మ. మనిషి పిడికెడంత ఉంటుంది. జ్వరంలో ఇంకా చిన్నదైపోయింది. మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని, ఊపిరి తీసుకున్నప్పుడల్లా పిల్లంగ్రోవిలో గాలి పోయినట్టు చప్పుడు చేస్తోంది. అయినా ఆ చప్పుళ్ళ మధ్య మాటలు పెట్టడం మానలేదు.

"నా గోలీకి స్నానం చేపిచ్చిండా?"

"చేయించాడు అత్తమ్మా."

"పెండ్లయినప్పటి సంది నాకు స్నానానికి నీళ్ళు పెట్టినోడు కాదు. గోలీకి పెట్టిండు."

నేను నవ్వాపుకుని చెవి దగ్గర చెప్పాను, "మెడికల్ నుంచి ఇంకో స్ట్రిప్పు తెస్తాను. అరటిపండులో పెట్టి ఇస్తాను. ఆయనకు తెలియదు."

అత్తమ్మ నన్ను అదోలా చూసింది. ముందు మెచ్చుకున్నట్టూ, తర్వాత తిట్టినట్టూ.

"వద్దు. ఇన్నేండ్లల్ల ఆయన చేత్తోటి ఇయ్యని మందు నేను మింగలే. ఇప్పుడు దొంగతనంగ మింగుతనా?" అని గొంతు పెంచింది, వాకిట్లోకి వినబడేలా. "ఓ అయ్యా! నీ చేత్తోటి ఇస్తే వేస్కుంట! ఇయ్యకుంటే ఇట్లనే ఉంట!"

గోడవైపు తిరిగి పడుకుంది.

మామయ్య వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. చెయ్యి చొక్కా జేబు మీద ఉంది. అత్తమ్మ వీపు చూస్తున్నాడు. ఆమె ఊపిరితోపాటు ఆ వీపు ఎగిరెగిరి పడుతోంది. బయట మగ్గాలు కొట్టుకుంటున్నాయి.

చివరికి చెప్పులు తొడుక్కున్నాడు.

"చల్ మంగళా. ఆ డాక్టర్‌నే అడుగుత."

డాక్టర్ తృప్తిది జోడ్‌భావి పేట్‌లో మన తెలుగువాళ్ళ ఇల్లే. చిన్న వయసు. క్లినిక్ నిండా దగ్గులు. మామయ్య ఎదురుగా కూర్చుని బల్ల మీద స్ట్రిప్పు పెట్టాడు. నేను ఆయన వెనక నిలబడి, ఏమనుకోకండి అన్నట్టు చేతులు జోడించాను. ఆమె చూడలేదు.

"అమ్మా, ఈ మందును ఎవరు పరీక్ష చేసిన్రు?"

"కంపెనీ వాళ్ళు, తాతా."

"అమ్మేటోడే పరీక్ష చేసుకుంటడా?"

"ఎక్కువగా అట్లనే జరుగుతది. ఆ కాగితాలు సర్కారు వాళ్ళు చూసి, అడగాల్సింది అడిగి, ఒప్పుకుంటరు."

"వాళ్ళు చూసింది మొత్తమేనా? మంచిగున్న కొస చూపిచ్చి, చినిగిన కొస మడతల పెట్టలేదని ఏంది గ్యారంటీ?"

నేను కళ్ళు మూసుకున్నాను. డాక్టరమ్మ కుర్చీలోంచి లేచి మమ్మల్ని బయటికి పంపుతుందనుకున్నాను. కళ్ళు తెరిచేసరికి ఆమె పెన్ను పక్కన పెట్టి, ముందుకు వంగి కూర్చుని ఉంది.

"మంచి ప్రశ్న తాతా. ఈ మందు సంగతిల మీరన్నదే జరిగింది. మొదట్ల కొన్ని లెక్కలే బయట పెట్టిన్రు. డాక్టర్లు చాలా ఏండ్లు కొట్లాడినంక అన్నీ బయటికొచ్చినయ్. అన్నీ కలిపి చూస్తే, మొదట చెప్పినంత గొప్ప మందు కాదు."

మామయ్య కుర్చీ బల్ల దగ్గరికి లాక్కున్నాడు.

"మంచిగున్న మనిషికి జ్వరం ఒక పూటో, ఒక దినమో ముందుగాల తగ్గుతది. అంతే. కొందరికి కడుపుల తిప్పుతది, వాంతులైతయి. అందుకే నేను అందరికీ రాయను. దవాఖానల పడకుండ ఆపుతదా అంటే, దాని మీద ఇంకా వాదన నడుస్తనే ఉన్నది."

"మరి మా ఆమెకు ఎందుకు రాసినవ్?"

"ఆమె ఛాతీ చూసి రాసిన. అట్లాంటోళ్ళకు, కడుపుతోటి ఉన్నోళ్ళకు ఈ జ్వరం చెడ్డది. రెండు దినాల లోపల ఇస్తే మేలని ఇప్పటిదాకా చూసినోళ్ళు చెప్తున్నరు. నూటికి నూరు అని నేను చెప్పను. మా అమ్మకు వచ్చినా గిదే ఇస్త. ముద్ర పడ్డంక గూడ చూసుడు ఆగదు తాతా. ఎవరికన్నా ఏమన్నా అయితే మేం రాసి పంపాలె. నేను పంపిన."

మామయ్య చాలాసేపు ఆమెనే చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. బజారులో కొత్త వ్యాపారి దగ్గర అలా చూస్తాడు. బట్ట విప్పి, ఇక్కడ దారం తెగింది, ఇక్కడ గీత పడింది అని అమ్మేవాడే వేలు పెట్టి చూపిస్తే, మామయ్య ఇక గుడ్డ తడపడు. అలాంటివాళ్ళు ఆయన జీవితంలో ఇద్దరో ముగ్గురో తగిలారట. వాళ్ళ పేర్లు ఇప్పటికీ చెబుతాడు.

స్ట్రిప్పు తీసి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"నీ పేరేంది బిడ్డా?"

"తృప్తి."

"మంచిగ పెట్టిన్రు," అన్నాడు.

నాకు పెళ్ళిచూపులు గుర్తొచ్చాయి. కొంచెం అసూయ కూడా కలిగింది.

ఆటోలో వస్తున్నప్పుడు రంగు సంగతి డాక్టర్‌ను అడగలేదేమని నేను అడగలేదు. కొన్ని ప్రశ్నలు అడగకుండా ఉండటం కూడా కోడలి విద్యల్లో ఒకటి.

ఇంటికొచ్చి నేరుగా మంచం దగ్గరికి వెళ్ళాడు. గోలీ తీసి అరచేతిలో పెట్టుకుని చాచాడు.

"అంజమ్మా. వేస్కో."

అత్తమ్మ వెంటనే తీసుకోలేదు. ఇటు తిరిగి, ముందు ఆయన చేతిని చూసింది, తర్వాత ఆయన భుజం మీద వేలాడుతున్న టవల్ ముక్కను, దాని మీద పసుపు మరకను చూసింది.

"రంగు పోతున్నదని భయపడ్డవా?"

మామయ్య మరక లోపలికి పోయేలా టవల్ ముక్క మడిచాడు.

"పెండ్లయిన కొత్తల పడుగు దారాలు బజార్ల పొడుగ్గ చాపి ఇద్దరం గంజి పెడ్తుంటిమి. నువ్వు ఆ కొస, నేను ఈ కొస. యాదికున్నదా?"

"ఉన్నది."

"గంజి ఎందుకు పెట్టినం?"

"దారం మగ్గం మీద తెగకుండ."

"మరి బట్ట ఉతికినంక గంజి ఏడికి పోయింది?"

మామయ్య ముఖం మీద ఏదో కదిలింది. జవాబు ఆయనకు తెలుసు. దేశంలో నేసే ప్రతివాడికీ తెలుసు. గంజి పోవాలి. మొదటి ఉతుకులో పోకపోతే ఆ టవల్ ఒంటికి అట్టలా తగులుతుంది, నీళ్ళు పీల్చదు. పోవడమే దాని పని.

"గా తొడుగు గూడ గంజే," అంది అత్తమ్మ. "కడుపుల కరగాలె. కరగకుంటే లోపలి మందు ఎట్ల బయటికొస్తది? నీ పక్కా రంగు గోలీ మింగితే, ఎట్ల పోయిందో అట్లనే బయటికొస్తది."

అదే మాట నేను పొద్దున్నే చెప్పాను, కెమిస్ట్రీలో. గంజిలో చెప్పాలని నాకు తట్టలేదు. అత్తమ్మ ఊపిరి అందక దగ్గుతూ, దగ్గు మధ్యలో నన్ను చూసి కన్ను గీటింది. ఈ ఇంటికి కోడలిగా వచ్చినందుకు నేను గర్వపడ్డ రోజులు తక్కువే. ఇవాళ వాటిలో ఒకటి చేరింది.

గోలీ వేసుకుంది. నీళ్ళు తాగింది. గ్లాసు ఆయన చేతికే ఇచ్చింది.

"నాది అయింది. సోనాలిది?"

మామయ్య గ్లాసు తీసుకెళ్ళి కిటికీలో పెట్టాడు.

"సాయంత్రం చెప్త."

"ఆ పిల్లకు జ్వరమొచ్చింది నాకంటే ముందు. మొన్న రాత్రే. దానికి గడువు ఇయ్యాల్నే అయిపోతది."

"మంగళా, నువ్వు పోయి చెప్పిరా బిడ్డా. వేస్కోమని చెప్పు."

ఇక్కడ నేను కొంచెం దుర్మార్గంగా ప్రవర్తించాను. ఒప్పుకుంటాను. తల వంచుకుని, కొంగు సర్దుకుని, వీలైనంత వినయంగా అన్నాను.

"నేను చెబితే బాలయ్య మామ నమ్మడు మామా. గుడ్డ రుద్దింది మీరు గదా."

మా పెళ్ళైనప్పటి నుంచి ఈ మనిషి "నేను పొరపాటు పడ్డాను" అనడం నేను వినలేదు. అత్తమ్మ కూడా వినలేదట. ఎర్ర నూలు సంగతిలో కూడా ముద్రదే తప్పన్నాడు. గల్లీ అంతా ఆయన గుడ్డను నమ్ముతుంది. ఆ గుడ్డ ఒక్కసారి తప్పని తేలితే రేపటి నుంచి ప్రతి మరకకూ సందేహమే. ఆయనకు ఉన్న ఆస్తి ఆ ముక్కే.

భుజం మీద గుడ్డ సరిచేసుకున్నాడు. గల్లీ దాటాడు. నేను వెనకే నడిచాను.

బాలయ్య షెడ్డులో మగ్గాలన్నీ నడుస్తున్నాయి. నేల అదురుతోంది. బాలయ్య ముందున్న మగ్గం మీద నెమలి చద్దరు సగానికి వచ్చింది, మెడ వరకు. లోపలి గది తలుపు తీసే ఉంది. సోనాలి నేల మీద పరుపులో ఒత్తిగిలి పడుకుని, ఒక చెయ్యి పొట్ట మీద పెట్టుకుని దగ్గుతోంది. ఇన్ని మగ్గాల మధ్య కూడా ఆ దగ్గు వినబడుతోంది.

మామయ్య బాలయ్య పక్కన నిలబడి ఏదో అన్నాడు. మగ్గాలు ఆ మాటను మింగేశాయి.

"ఏందన్నా?" బాలయ్య చెవికి చెయ్యి అడ్డం పెట్టాడు.

మామయ్య మళ్ళీ అన్నాడు. పెదాలు మాత్రమే కదిలాయి. ఆ మాటకు గొంతు అలవాటు లేదు పాపం.

బాలయ్య తనకు తోచినట్టు అర్థం చేసుకుని నవ్వాడు. "ఫికర్ చెయ్యకు నర్సన్నా! నువ్వు చెప్పినంక మళ్ళ మాటున్నదా! గోలీలు పొద్దున్నే మెడికల్ల వాపస్ ఇచ్చొచ్చిన! ఒక్కటి గూడ వెయ్యనియ్యలే!"

లోపల సోనాలి మళ్ళీ దగ్గింది. ఈసారి దగ్గు ఆగడానికి చాలాసేపు పట్టింది.

మామయ్య చెయ్యి చాచి బాలయ్య మగ్గం హ్యాండిల్ లాగేశాడు.

మా గల్లీలో ఎవరూ అలా చేయరు. నడుస్తున్న మగ్గాన్ని దాని యజమాని తప్ప ఇంకొకరు ముట్టుకోరు. ఆపి మళ్ళీ నడిపిస్తే బట్టలో అడ్డంగా గీత పడుతుంది. ఆ గీత ఎన్ని ఉతుకులకూ పోదు.

"నర్సన్నా! గీత పడ్తది!"

"పడనీ. అన్నీ బంద్ చెయ్యి."

బాలయ్య ఆ ముఖం చూసి ఇంకేమీ అడగకుండా మిగతా మగ్గాలు ఒక్కొక్కటే ఆపేశాడు. షెడ్డు నిశ్శబ్దమైంది. ఎప్పుడూ ఆగని షెడ్డు పట్టపగలు ఆగిందని పక్కింటి ఆడవాళ్ళు బీడీ చాటలు ఒళ్ళో పెట్టుకునే తలుపు దగ్గరికి వచ్చారు. సోనాలి మోచేతి మీద లేచి చూస్తోంది.

మామయ్య భుజం మీది టవల్ ముక్క తీసి, మరక పైకి కనిపించేలా, ఆగిన నెమలి మెడ మీద పరిచాడు.

"ఆటో మాట్లాడు తమ్మీ. కోడలిని ఇప్పుడే డాక్టర్ దగ్గరికి తీస్కపోదాం."

"ఎందుకన్నా? నువ్వే గదా వద్దంటివి! గుడ్డకు రంగు అంటింది గదా!"

మామయ్య గొంతు సవరించుకున్నాడు. తలుపు దగ్గరున్న ఆడవాళ్ళ వైపు చూశాడు, సోనాలి వైపు చూశాడు. నా వైపు చూడలేదు. తర్వాత, మగ్గాలన్నీ ఇంకా నడుస్తున్నట్టే, గల్లీ చివరికి వినబడేలా అరిచాడు.

"గుడ్డది తప్పులేదు, గోలీది తప్పులేదు! నేను తప్పు చెప్పిన బాలయ్యా! నేనే తప్పు చెప్పిన!"